గుర్రం మీద కప్పే బట్ట ఎవరి కోసం? జహీరాబాద్ నుంచి ఒక ఝూల్ కథ

మామూలుగా మనం ఈ ఎపిసోడ్లలో కోటలు, శాసనాలు, యుద్ధాలు మాట్లాడుకుంటాం కదా. ఈసారి ఒక బట్ట గురించి మాట్లాడుకుందాం. ఎండాకాలంలో ఈగలు కుట్టకుండా గుర్రం మీద కప్పే బట్ట. దీనికీ చరిత్రకీ ఏం సంబంధం అనుకోకండి. చాలా ఉంది. ఈ చరిత్ర సరిగ్గా తెలియకే నేను పోయినేడాది ఒక గుర్రం ప్రాణం మీదికి తెచ్చాను. ముందు ఆ సంగతి చెప్పేస్తాను.

జహీరాబాద్‌లో నాకు తెలిసిన తమ్ముడు ఒకతను రెండు పెళ్లి గుర్రాలు నడుపుతాడు. బరాత్‌లో పెళ్లికొడుకు ఎక్కుతాడే, ఆ గుర్రాలు. మా తాత అదే ఊళ్లో టాంగా తోలినవాడు. అందుకని గుర్రాల గురించి నాకు ఏదో తెలుసని ఆ తమ్ముడి నమ్మకం. పోయినేడాది ఏప్రిల్‌లో ఫోన్ చేసి, "అన్నా, ఈగలు మస్తు సతాయిస్తున్నయి. ఫ్లై షీట్ అని ఫోన్ల కనవడ్తున్నది. ఏది తీసుకోవాలె?" అని అడిగాడు. నేనేదో ఎడిటింగ్ పనిలో ఉన్నాను. "ఏదైనా ఒకటేరా, మందంగున్నది తీస్కో, ఈగ ముల్లు దిగకుంట ఉంటది" అనేశాను. అతను నా మాట నమ్మి ముదురు నీలం రంగు షీటు, బాగా మందంగా ఉన్నది కొన్నాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆ షీటు కప్పుకునే నిలబడ్డ గుర్రం, సాయంత్రం బరాత్‌కి తీసుకెళ్దామని చూసేసరికి కాళ్లు తడబడి కూలబడిపోయింది. డాక్టరు వచ్చి, నీళ్లు కొట్టి, సెలైన్లు ఎక్కించి బతికించారు. కానీ ఆ సీజను మొత్తం అది పనికి రాలేదు. పెళ్లిళ్ల సీజనంటే అతనికి ఏడాది తిండి. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఈ ఏడాది మళ్లీ ఫోన్ చేశాడు. మళ్లీ అదే ప్రశ్న. నల్లదా, తెల్లదా, చారలదా? ఈసారి నోటికొచ్చింది చెప్పకుండా కొంచెం చదివాను, జహీరాబాద్ వెళ్లాను, మా పెద్దమ్మని కూర్చోబెట్టి తాత సంగతులు అడిగాను. ఆ చదివినదీ విన్నదీ ఇప్పుడు మీతో చెప్తున్నాను.

మొదట ఊరి పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. జహీరాబాద్ అన్న పేరు పైగా అమీర్ల ఇంటి నవాబు జహీర్ యార్ జంగ్ పేరు మీద వచ్చిందని చెబుతారు. రైలు మార్గంలో అటు చివర వికారాబాద్ ఉంది కదా, అది వికారుల్ ఉమ్రా పేరు మీద. ఆయనదీ పైగా వంశమే. ఈ 'పైగా' మన తెలుగు 'పైగా' కాదండోయ్. ఇది పారసీ మాట, పాయ్‌గాహ్. స్థానం, హోదా అని ఒక అర్థం. దక్కనులో మాత్రం దీన్ని గుర్రపుశాలకీ, రాజు సొంత అశ్విక దళానికీ వాడారు. మరాఠీలో అది 'పాగా' అయింది. తెలుగులోనూ గుర్రాల పాగా అంటే గుర్రపుశాలే. ఎవరైనా ఒకచోట తిష్ట వేస్తే 'పాగా వేశాడు' అంటాం కదా, అది కూడా గుర్రాలు కట్టేసి దండు దిగడం నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ. ఊహ మాత్రమే, ఎవరైనా భాషావేత్తలు సరిదిద్దితే సంతోషం.

రెండో నిజాం కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్ అనే సర్దారు చేతికి నిజాం సొంత అశ్విక దళం వచ్చింది. ఆ దళాన్ని పోషించడానికి ఊళ్లకి ఊళ్లు జాగీరుగా ఇచ్చారు. అవే పైగా జాగీర్లు. అంటే ఏంటి? ఈ ఊళ్లలో రైతు కట్టిన శిస్తు గుర్రాల దాణాకీ, నాడాలకీ, సాయీసుల జీతాలకీ, గుర్రాల మీద కప్పే బట్టలకీ పోయింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యేదాకా ఆ జాగీర్లు ఉన్నాయి. అప్పటికి గుర్రాలు నామమాత్రం అయిపోయాయనుకోండి, అది వేరే సంగతి. మొత్తానికి పేరులోనే గుర్రపుశాల వాసన ఉన్న ఊరు జహీరాబాద్.

ఇక్కణ్ణుంచి ముప్పై కిలోమీటర్ల దూరంలో బీదర్. బహమనీ సుల్తానుల రాజధాని. 1470 ప్రాంతంలో ఆ బీదర్‌కి ఒక రష్యా వర్తకుడు వచ్చాడు. అఫనాసీ నికితిన్, త్వేర్ అనే ఊరివాడు. హోర్ముజ్ రేవులో ఓడెక్కి, ఒక మగ గుర్రాన్ని వెంటబెట్టుకుని, చౌల్ రేవులో దిగాడు. ఎందుకు గుర్రం? దక్కనులో గుర్రాలకి గిరాకీ అని విన్నాడు కాబట్టి. నిజమే. మన దేశంలో, ముఖ్యంగా దక్షిణాన, సైన్యానికి పనికొచ్చే పెద్ద గుర్రాలు అరేబియా నుంచి, ఇరాన్ నుంచి ఓడల్లో వచ్చేవి. ఆ కాలంలో గుర్రం అంటే సముద్రం దాటొచ్చిన డబ్బు మూట.

పాపం నికితిన్ ఒక్క గుర్రంతోనే నానా తిప్పలు పడ్డాడు. ఇక్కడికి తీసుకురావడానికే వంద రూబుళ్లు అయిందని రాసుకున్నాడు. జున్నార్‌లో అక్కడి ఖాన్ ఆ గుర్రాన్ని లాగేసుకుని, మతం మారితేనే ఇస్తానన్నాడు. ఖొరాసాన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అడ్డుపడి విడిపించాడు. చివరికి బీదర్‌లో అమ్ముకున్నాడు. అప్పటికి ఏడాది పాటు దాన్ని మేపాడు. ఆళంద్ దగ్గర జరిగే జాతరలో ఇరవై వేల గుర్రాలు అమ్మకానికి వస్తాయని కూడా రాశాడు. ఆ లెక్క ఎంత కచ్చితమో గానీ, పెద్ద సంతే అని మాత్రం అర్థమవుతుంది. ఇక్కడి వాళ్లు గుర్రాలకి బఠాణీల్లాంటి గింజలు, చక్కెరా నూనే వేసి ఉడికించిన ఖిచిడీ పెడతారని చూసి రాశాడు. మా తాత గుర్రానికి ఉడకబెట్టిన ఉలవలు దొరికితే అదే పండగ.

నికితిన్ రాసిన వాటిలో ఇవాళ మనకి కావలసినది సుల్తాను ఊరేగింపు. బంగారు సామాను వేసిన వెయ్యి గుర్రాలు, మీద మనిషి లేకుండా, ఉత్తగా నడిచాయట. ఉత్తగా! స్వారీకి కాదు, యుద్ధానికి కాదు, చూడ్డానికి. దక్కనీ చిత్రాలు మీరు మ్యూజియంలో చూసే ఉంటారు. గుర్రం కనిపిస్తే చాలు, మెడ నుంచి తోకదాకా జరీ బట్ట. దాన్నే ఝూల్ అంటారు. తెలుగులో జూలు అనీ అంటాం. సింహం జూలు వేరు, ఇది వేరు. అరబ్బీ 'జుల్' నుంచి వచ్చిందని కొందరు పెద్దలు చెప్పారు. మన ఊళ్లలో పండగకి ఎద్దుల మీద వేసే రంగుల బట్టని కూడా ఈ ప్రాంతంలో ఝూల్ అనే అంటారు.

ఒకే పేరుతో రెండు వేరు వేరు బట్టలున్నాయన్నది నాకు ఈసారి చదువుతుంటే తట్టింది. ఊరేగింపు ఝూల్ చూసేవాడి కోసం. దాని బరువు, దాని రంగు, దాని జరీ అన్నీ చూసేవాడి కంటికి తగ్గట్టు. రెండోది పాగాలో, సాయీసు చేతిలో ఉండే బట్ట. అది గుర్రం కోసం. మొదటిదాన్ని చిత్రకారులు గీశారు, యాత్రికులు రాశారు. రెండోదాన్ని ఎవరు గీస్తారు? లెక్కలు రాసేవాడు మాత్రం రాశాడు. అక్బరు కొలువులో అబుల్ ఫజల్ రాసిన అయినీ అక్బరీలో గుర్రపు సామాను పట్టిక ఉంది. జీను, కళ్లెం, జుల్, జూలు మీద కప్పే యాల్‌పోష్... వీటి మధ్యలో 'మగస్ రాన్' అని ఒకటి. మగస్ అంటే ఈగ. మగస్ రాన్ అంటే ఈగల్ని తోలేది. గుర్రపు తోక వెంట్రుకలతో చేసిన విసనకర్ర లాంటిది. చూడండి, పన్నెండు వేల గుర్రాలున్న పాదుషా శాలలో కూడా ఈగకి ఒక పద్దు ఉంది!

అసలు గుర్రానికి దేవుడిచ్చిన మగస్ రాన్ దాని తోకే. దాంతో పాటు చర్మం. ఈగ వాలితే ఆ ఒక్కచోట చర్మాన్ని మాత్రమే జలదరించగలదు, మనకి చేతకాని విద్య అది. తల ఊపుతుంది, కాలు నేలకేసి కొడుతుంది. మరి మనం ఏం చేశాం? మన దేశంలో గుర్రాన్ని కట్టే పద్ధతి అగాడీ పిఛాడీ. ముందు తలకి రెండు తాళ్లు, వెనక కాళ్లకి తాళ్లు. తల తిరగదు, కాలు లేవదు. తోక ఒక్కటే మిగిలింది. అందుకే పాగాలో బట్ట అవసరం అయింది. మనం కట్టేసిన గుర్రానికి మనమే కాపలా కాయాలి కదా మరి. ఇంగ్లాండులో అయితే బండి గుర్రాల తోక కూడా అందం కోసం కత్తిరించేవాళ్లు. అక్కడ ఆ పని చట్టం చేసి ఆపింది 1949లో. ఇక్కడ పైగా జాగీర్లు పోయిన ఏడే.

మనవాళ్లు గుర్రాల మీద పుస్తకాలు రాయలేదా అంటే, రాశారు. జహీరాబాద్‌కి పడమట కల్యాణి ఉంది, ఇప్పటి బసవకల్యాణ్. అక్కడ చాళుక్య సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో గుర్రాల సంగతి ఉంది, గుర్రాల మీద ఆడే బంతాట కూడా ఉంది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాశాడు, పద్యాల్లో. పేర్లోనే ఉంది కదా, హయలక్షణం. సుడులు ఎక్కడుంటే మంచిది, ఎక్కడుంటే అరిష్టం, ఇప్పటికీ సంతలో గుర్రం కొనేవాళ్లు ముందు సుడులే చూస్తారు. పండితులు గుర్రం కొనే రాజు కోసం రాశారు. ఈగలు తోలే సాయీసు పుస్తకం రాయలేదు. అతని విద్య చేతిలోంచి చేతికి పోయింది, చెయ్యి ఆగిపోయిన చోట విద్యా ఆగిపోయింది. నా విషయంలో జరిగింది అదే. తాత దగ్గర నేను నేర్చుకోలేదు.

తాత టాంగా వికారాబాద్ పర్లీ లైను మీద వచ్చే రైళ్ల కోసం జహీరాబాద్ స్టేషన్ బయట ఆగేది. నేను పుట్టేసరికి ఆటోలు వచ్చేశాయి, గుర్రం పోయింది. ఉత్త కమానూ చక్రమూ పెరట్లో ఉండేవి, మేము వాటి మీదెక్కి ఆడుకునేవాళ్లం. పెద్దమ్మకి మాత్రం అంతా గుర్తుంది. ఆమెకి ఇప్పుడు డెబ్భై దాటాయి. "పెద్దమ్మా, తాత ఎండకాలంల గుర్రానికి ఏం కప్పుతుండె?" అని అడిగితే ముందు నవ్వింది. "ఏం కప్పుతడు బిడ్డా, ఆయన దోతే!" అంది.

నిజంగానే ధోవతి. చిరిగిన పాత తెల్ల ధోవతి, ఉతికి ఉతికి దూది లాగా మెత్తబడినది. దాన్ని వెన్ను మీదుగా వదులుగా వేసి, పొట్ట కింద రెండు చోట్ల పేలిక ముడి. గట్టి ముడి కాదు, గుర్రం బెదిరి లాగితే ఊడిపోయే ముడి. కళ్ల మీదికి, నుదుటి పట్టీకి కుట్టిన నూలు దారాల ఝాలరు. గుర్రం తల ఆడించినప్పుడల్లా ఆ దారాలు ఊగి కంటి ఈగల్ని లేపేవి. గోనె పట్టా మాత్రం చలికాలానికే. ఎండాకాలం పగటిపూట గోనె వేస్తే తాత ఊరుకునేవాడు కాదట. "గోనె ఏస్తే గుర్రానికి గాడ్పు ఆడది, ఉడికిపోతది" అనేవాడట. ఈ మాట పెద్దమ్మ చెబుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. ఒక సంవత్సరం ముందు ఈమెని అడిగి ఉంటే సరిపోయేది.

ఇంకో రెండు సంగతులు చెప్పింది. లద్దె ఏ రోజుదారోజు ఎత్తి దూరంగా దిబ్బలో పోసేవాడట. పొద్దుగూకే వేళ పచ్చి వేపాకు పొగ పెట్టేవాడట. మరొకటి, ఇది ముఖ్యం: స్టేషన్ దగ్గర వేరే టాంగా గుర్రం ఏదైనా జ్వరంతో తల వేలాడేసి ఉంటే, తాత తన బండిని అవతల చింతచెట్టు దాకా తీసుకుపోయి నిలబెట్టేవాడట. బేరం పోయినా సరే. "దానికి సుర్రా ఉన్నది, ఈగ తెస్తది" అనేవాడట.

సుర్రా! ఈ మాట విని నేను ఒక్కసారి లేచి కూర్చున్నాను. ఎందుకంటే ఇది పశువైద్య పుస్తకాల్లో ఇప్పటికీ ఉన్న మాట. ఇంగ్లీషు పుస్తకాల్లో కూడా సుర్రా అనే రాస్తారు. మరాఠీ నుంచి వచ్చిందంటారు, ముక్కుతో సుర్ సుర్‌మని ఊపిరి లాగే చప్పుడు. జహీరాబాద్‌లో తెలుగు, దక్కనీ, కన్నడం, మరాఠీ అన్నీ ఒకే చాయ్ బండి దగ్గర వినిపిస్తాయి, కాబట్టి తాత నోట ఆ మాట ఉండటం వింత కాదు. ఈ జబ్బు వస్తే గుర్రానికి జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, కాళ్లకీ పొట్ట కిందా నీరు దిగుతుంది, తింటూనే చిక్కిపోతుంది, నెత్తురు పలచబడుతుంది.

1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు, వేల్స్ మనిషి, డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, అంటే ఇప్పటి పాకిస్తాన్‌లో, చచ్చిపోతున్న గుర్రాల, ఒంటెల నెత్తురు సూక్ష్మదర్శినిలో చూశాడు. మెలికలు తిరుగుతూ ఈదే ఒక సన్నటి జీవి కనిపించింది. జబ్బుకి కారణం ఇదేనన్నాడు. పైవాళ్లు నమ్మలేదు. నెత్తుట్లో అలాంటివి ఉంటాయి, అవేం చెయ్యవు అని కొట్టిపారేశారు. తర్వాత ఆయన చెప్పిందే నిజమని తేలింది, ఆ జీవికి ఆయన పేరే పెట్టారు, ట్రిపనోసోమా ఎవాన్సీ అని. ఆయన నూరేళ్లు బతికి 1935లో పోయాడు. తన మాట గెలవడం కళ్లారా చూసుకున్నాడు, అందరికీ ఆ అదృష్టం ఉండదు. 1901లో లెనార్డ్ రోజర్స్ అనే డాక్టరు, దీన్ని ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకి మోసేది జోరీగ అని ప్రయోగం చేసి చూపించాడు.

మోసే పద్ధతి కూడా తెలుసుకోండి, బట్ట ఎందుకు కావాలో దాంతోనే అర్థమవుతుంది. మలేరియా దోమ కడుపులో లాగా ఈ క్రిమి జోరీగ లోపల పెరగదు. జోరీగది కత్తుల్లాంటి నోరు. చర్మం కోసి, ఊరిన నెత్తురు తాగుతుంది. నొప్పికి గుర్రం తోక విదిలిస్తుంది. సగం తాగిన ఈగ లేచి, పక్కనున్న గుర్రం మీద వాలుతుంది. మూతికి అంటిన తడి నెత్తురుతో పాటు క్రిమి అక్కడికి చేరుతుంది. కొద్ది నిమిషాల పని. అంటే గుర్రం తన తోకతో తోలిన ఈగే పక్క గుర్రానికి జబ్బు తీసుకెళ్తుంది! తాత చింతచెట్టు దాకా ఎందుకు పోయేవాడో చూశారా. దగ్గర్లో వేరే జంతువు దొరక్కపోతే ఈగ తన గుర్రం దగ్గరికే తిరిగొస్తుంది. మధ్యలో దూరం ఉంటే చాలు. పక్కపక్కనే రెండు గుర్రాలు కట్టే పెళ్లి గుర్రాలవాళ్లు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. సుర్రా మన దేశంలో ఇప్పటికీ ఉంది. జ్వరం వచ్చీ పోతూ ఉంటే బట్ట సంగతి తర్వాత, ముందు నెత్తురు పరీక్ష చేయించండి.

సరే, రంగు. తాత ధోవతి తెల్లగా ఉండటం ధోవతులు తెల్లగా ఉంటాయి కాబట్టే అనుకోవచ్చు. కానీ అది సరైన రంగు కూడా. హంగేరీలో గాబర్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. తెల్ల గుర్రాల మీద జోరీగలు తక్కువగా వాలతాయని. కారణం ఏమిటంటే, జోరీగలు నీళ్లని వెతుక్కునేది నీటి మీద నుంచి ఒకే దిశలో కంపించేలా ప్రతిఫలించే వెలుతురును బట్టి. ముదురు రంగు, నున్నటి ఒళ్లు కూడా అలాంటి వెలుతురునే విసురుతుంది. తెల్ల ఒళ్లు అలా విసరదు. అంటే నేను కొనిపించిన ముదురు నీలం షీటు ఎండని లోపలికి పీల్చింది, జోరీగల్ని కూడా పిలిచింది. ఒకే తప్పుతో రెండు నష్టాలు. తెల్ల గుర్రానికి కష్టాలు లేవని కాదు, ఎండ వల్ల చర్మం జబ్బులు వాటికే ఎక్కువ. అందుకని ఒళ్లు ఏ రంగైనా మీది బట్ట తెల్లగా ఉండటం మేలు.

మరి చారలది? నవ్వకండి, దాని వెనకా పరిశోధన ఉంది. 2019లో టిమ్ కారో బృందం ఇంగ్లాండులోని ఒక గుర్రాల ఫారంలో గుర్రాలకి నల్ల కోటు, తెల్ల కోటు, జీబ్రా చారల కోటు తొడిగి చూసింది. చారల కోటు మీద వాలిన జోరీగలు చాలా తక్కువ. దగ్గరదాకా వస్తాయి, కానీ దిగే ముందు వేగం తగ్గించుకోవడం వాటికి కుదరలేదు, తగిలి ఎగిరిపోయాయి. అయితే అదే గుర్రాల తల మీద, అంటే కోటు లేని చోట, తేడా ఏమీ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఒంటికి ఏది కప్పినా కంటిని అది కాపాడదు. కంటి మూల తడి కోసం చేరే ఈగలు వేరు, అవి పుండ్లనీ, వేసవిలో మానని గాయాలనీ తెస్తాయి. దానికి తాత ఝాలరో, వల ముసుగో వేరే ఉండాల్సిందే.

ఇక నుసుములు. కంటికి ఆనీ ఆనని చిన్న దోమలు, పొద్దున్నా సాయంత్రం సంధ్యవేళ గుంపుగా ముసురుకునేవి. మామూలు షీటు వలలో కన్నాల్లోంచి ఇవి హాయిగా దూరిపోతాయి. ఇవి కుడితే కొన్ని గుర్రాలు జూలూ తోక మొదలూ గోడకి రాసుకుని రాసుకుని పుండు చేసుకుంటాయి. చిన్నవని చులకన చేయకండి. 1959 నుంచి 1961 మధ్య ఆఫ్రికా గుర్రపు జబ్బు మధ్యప్రాచ్యం నుంచి పాకిస్తాన్, మన దేశం దాకా వచ్చి, ఈ ప్రాంతం మొత్తం మీద మూడు లక్షలకు మించి గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదల్ని తీసుకుపోయింది. దాన్ని మోసింది ఈ నుసుములే. వీటికి గాలంటే పడదు, ఎగిరే సత్తువ తక్కువ. తాత వేపాకు పొగ ఈ వేళకే. ఇవాళైతే షెడ్డులో ఒక పెద్ద ఫ్యాను ఇంకా బాగా పని చేస్తుంది.

ఇవన్నీ పట్టుకుని జహీరాబాద్‌లో ఆ తమ్ముడి షెడ్డుకి వెళ్లాను. ఊరి బయట, చెరకు లారీలు పోయే దారిలో. పోయినేడాది కూలిన గుర్రం ఇప్పుడు బాగానే ఉంది. నా చెయ్యి వాసన చూసింది, బెల్లం లేదని ముఖం తిప్పుకుంది. ముందు రేకుల కింద నిలబడి చూశాం. మధ్యాహ్నం రెండింటికి అక్కడ మనిషి నిలవలేడు. "తమ్మీ, ఏ షీటైనా ఈ రేకు కింద పనిచెయ్యదు. పగటి పూట ఆ వేపచెట్టు కింద కట్టు" అన్నాను. లద్దె కుప్ప షెడ్డు గోడకే ఆనుకుని ఉంది. తడి లద్దెలో, చిందిన మేతలో కుట్టే ఈగలు గుడ్లు పెడతాయి, ఎండాకాలంలో రెండు మూడు వారాల్లో కొత్త తరం రెడీ. అది కూడా జరపాలన్నాను. అతను, "షీటు అడిగితే ఇల్లు మార్చమంటున్నవేందన్నా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

షీటు విషయానికొస్తే, తెల్లది తీసుకున్నాం. చారలది కూడా మంచిదే. కానీ బరాత్ గుర్రానికి జీబ్రా వేషం వేస్తే కిరాయి ఎవడిస్తాడని అతని భయం, అది న్యాయమే. సన్న కన్నాల వల, పలచటి గుడ్డ, మెడ కప్పేది, తోక మొదలు మీద పట్టీ ఉన్నది. భుజాల దగ్గర ఒరుసుకోకుండా లోపల నున్నటి పట్టీ ఉందా అని చెయ్యి పెట్టి చూశాం. పొట్ట పట్టీ, గిట్ట ఇరుక్కోనంత దగ్గరగా, ఊపిరి ఆడేంత వదులుగా. తాత ముడి లాగా గట్టిగా లాగితే ఊడే కొక్కెం ఉందా అని కూడా. తడిసిన ఒంటి మీద వెయ్యకూడదు. రోజుకి రెండుసార్లు తీసి కింద చెయ్యి పెట్టి చూడాలి, చెమట తగిలితే ఆ పూటకి షీటు తీసెయ్యాలి. దుమ్ముతో కన్నాలు మూసుకుపోతే వలకీ గోనెకీ తేడా లేదు, కాబట్టి ఉతకాలి.

చిక్కొచ్చింది ఊరేగింపు ఝూల్ దగ్గర. ఎర్ర మఖ్మల్, అద్దాలు, జరీ, మెడ నుంచి మోకాళ్ల దాకా. ఎత్తి చూస్తే నా రెండు చేతులూ నొప్పి పుట్టాయి. మే నెలలో, డప్పులూ జనరేటర్ లైట్ల మధ్య, రెండు గంటలు గుర్రం ఇది మోయాలి. "ఇది తీసెయ్‌రా" అంటే, "పెండ్లోళ్లు ఊకోరన్నా. ఫోటోల గుర్రం సాదాగ కనవడితే పైసల్ కోస్తరు" అన్నాడు. అయిదొందల ఏళ్ల కింద బీదర్‌లో నికితిన్ చూసిన ఊరేగింపే ఇది, సుల్తాను మారాడంతే.

చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ మఖ్మల్‌ని తీసుకెళ్లి ఊళ్లో దర్జీ దగ్గర కోయించాం. జీను కింద, వెన్ను మీద మాత్రమే మిగిలింది. పక్కలకి వేలాడే భాగం కత్తిరించి దాని అంచు జరీని నుదుటి ఝాలరుకి కుట్టించాం. ఫోటోలో మెరుస్తుంది, కంటి మీది ఈగల్నీ తోలుతుంది. గుర్రం ఎక్కే నిమిషంలోనే వెయ్యాలి, దిగిన నిమిషంలోనే తియ్యాలి అని ఒప్పందం. పెద్దమ్మకి ఫోటో పంపితే, "మా నాయిన ఉంటే ఆ అద్దాలు గుడ పీకిస్తుండె" అంది.

కొత్త షీటు వచ్చిన రోజు వీధి పిల్లలంతా చుట్టూ చేరి "దోమతెర గుర్రం, దోమతెర గుర్రం" అని అరిచారు. గుర్రం మాత్రం చెవులు వేలాడేసి, ఒక వెనక కాలు వదులు చేసి, వేపచెట్టు కింద కునుకు తీసింది. గుర్రం కాలు వదులు చేసి నిలబడిందంటే దానికి ఆ పూట ఏ ఈగ బాధా లేదని లెక్క. తమ్ముడు పర్సు తీయబోతే నేను ఆపాను. ఆ షీటు డబ్బులు నేనే ఇచ్చాను. పోయినేడాది నీలం షీటు బాకీ అది.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కోటల్లోకి వెళ్దాం.